మిగిలిన అన్నం ఎప్పుడు దానమవుతుంది? నచికేతుడి ప్రశ్న, మన ఫంక్షన్ హాళ్లు

శ్రీ గురుభ్యో నమః.

పెండ్లిలో మిగిలిన బగార అన్నం, హోటల్‌లో అమ్ముడుపోని ఇడ్లీ, బేకరీలో సాయంత్రానికి మిగిలిన బన్నులు... ఇవన్నీ లేనివాళ్లకు ఇస్తే అన్నదానం చేసిన ఫలం వస్తుందా? ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉంటుంది. వీడియోలో దీని గురించి క్లుప్తంగా చెప్పుకున్నాం. అక్కడ సమయం చాలక వదిలేసిన సంగతులు, ముఖ్యంగా ఆచరణలో పెట్టాల్సిన పద్ధతి, ఈ పాఠంలో వివరంగా చూద్దాం.

జవాబు ముందే చెప్పేస్తాను. వస్తుంది. కానీ మూడు షరతులున్నాయి. ఏది ఇస్తున్నాం, ఎప్పుడు ఇస్తున్నాం, ఎలా ఇస్తున్నాం. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా అది దానం కాదు, మన బరువు దించుకోవడం మాత్రమే.

అన్నదానం వేరు, మిగులు పంచడం వేరు

మన ఉత్తర తెలంగాణలో అన్నదానం అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. వేములవాడ రాజన్న సన్నిధిలో, కొండగట్టు అంజన్న దగ్గర, ధర్మపురిలో, బాసర సరస్వతమ్మ క్షేత్రంలో భోజనం చేసి వచ్చినవాళ్లే మనమంతా. సద్దుల బతుకమ్మ నాడు సత్తుపిండి, మలీద ముద్దలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్తాయి. ఇచ్చేది ఎవరు, పుచ్చుకునేది ఎవరు అని అక్కడ ఎవరూ లెక్కపెట్టరు.

ఒక చిన్న తేడా గమనించండి. గుడిలో అన్నదానం జరిగేటప్పుడు ఆకలితో వచ్చే మనిషి కోసం అన్నం వండుతారు. మనిషి ముందు, అన్నం తర్వాత. ఫంక్షన్ హాల్‌లో మిగిలినప్పుడు ఇది తలకిందులవుతుంది. అన్నం ముందే ఉంది, దాన్ని తినే మనిషి కోసం తర్వాత వెతుకుతాం. అప్పుడు మన మనసులో మొదట ఉండేది ఎదుటివాడి ఆకలి కాదు, "ఈ గంజు ఎట్ల ఖాళీ చేయాలె" అన్న తొందర. తప్పులన్నీ ఆ తొందరలోనే పుడతాయి.

ఏది ఇవ్వాలి? నచికేతుడు అడిగిన ప్రశ్న

కఠోపనిషత్తులో ఈ కథ ఉంది. వాజశ్రవసుడు తన సర్వస్వాన్నీ దానం చేసే యజ్ఞం తలపెట్టాడు. దక్షిణగా గోవుల్ని తోలుతున్నారు. ఆయన కొడుకు నచికేతుడు చిన్నపిల్లవాడు, పక్కన నిలబడి చూస్తున్నాడు. అవి పాలు ఇంకిపోయిన ఆవులు, ఇక ఈనే ఆశ లేని ముసలి ఆవులు. ఇంట్లో పనికిరానివన్నీ దానంగా వెళ్తున్నాయి.

పిల్లవాడికి భయం వేసింది. ఇలాంటివి ఇచ్చినవాడికి ఏ లోకం దొరుకుతుంది? తండ్రి మేలు కోరి అడిగాడు, "నాన్నా, నన్ను ఎవరికి ఇస్తావు?" అని. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తండ్రికి కోపం వచ్చి యముడికి ఇస్తానన్నాడు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. నచికేతుడు యముడి ఇంటికి వెళ్లేసరికి ఆయన ఊళ్లో లేడు. పిల్లవాడు మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో ఉండిపోయాడు. తిరిగొచ్చిన యముడు కంగారుపడ్డాడు. అతిథి తన ఇంట్లో పస్తున్నాడు, దానివల్ల తన పుణ్యమంతా పోతుందని. రాత్రికొకటి చొప్పున మూడు వరాలు ఇచ్చాడు.

మనం ఈ కథని ఆత్మవిద్య కోసం చదువుతాం, మంచిదే. కానీ కథ మొదలయ్యేది ఎక్కడ? పనికిరానిది దానం చేయడం దగ్గర. మలుపు తిరిగేది ఎక్కడ? ఆకలితో ఉన్న అతిథి దగ్గర. ప్రాణాలు తీసే యముడే ఒక పిల్లవాడి ఆకలికి తల వంచాడు.

ఇప్పుడు మన గంజు దగ్గరికి వద్దాం. పొద్దున పదింటికి వండి, మధ్యాహ్నమంతా బఫేలో మూత లేకుండా ఉండి, రాత్రి తొమ్మిదికి వాసన మొదలైన అన్నం... దాన్ని ఆటోలో వేసి బస్టాండ్‌కి పంపితే అది వాజశ్రవసుడి గోదానమే. మన ఇంటి పిల్లలకి పెట్టని అన్నాన్ని వేరేవాళ్ల పిల్లలకి పెట్టకూడదు. ఇదే కొలత, ఇంతకంటే వేరే కొలత అక్కర్లేదు.

ఇక్కడ ఎంగిలికీ మిగులుకీ ఉన్న తేడా కూడా తెలుసుకోవాలి. ఇస్తరిలో, ప్లేటులో వడ్డించాక మిగిలింది ఎంగిలి. అది ఎవరికీ ఇవ్వకూడదు. వంటశాలలో మూతపెట్టి, వడ్డనకే రాకుండా ఉన్నది మిగులు. అది శుద్ధమైన అన్నం. "మిగిలింది" అనే ఒక్క మాటతో రెండింటినీ కలిపేయడం వల్లే చాలామంది ఇవ్వడానికి జంకుతారు, ఇంకొంతమంది ఇవ్వకూడనిది ఇస్తారు.

ఎప్పుడు ఇవ్వాలి? జాము లెక్క

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ ఆహారాన్ని మూడు రకాలుగా, దానాన్ని కూడా మూడు రకాలుగా చెప్పాడు. తామస ఆహారం గురించి చెప్పేటప్పుడు "యాతయామం" అనే మాట వాడాడు. వండి ఒక జాము, అంటే మూడు గంటలు, దాటిపోయిన ఆహారం అని చాలామంది వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. అదే అధ్యాయంలో దానం గురించి చెబుతూ చోటు, సమయం, పుచ్చుకునే మనిషి... ఈ మూడూ చూసి ఇవ్వాలన్నాడు. ఇవి చూడకుండా, మర్యాద లేకుండా ఇచ్చేది తామస దానం.

ఆధునిక ఆహార శాస్త్రం కూడా గడియారం చూడమనే చెబుతుంది. వండిన ఆహారం 60 డిగ్రీల సెల్సియస్ కంటే వేడిగా ఉండాలి, లేదంటే 5 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. ఈ రెండింటి మధ్యలో క్రిములు వేగంగా పెరుగుతాయి. మామూలు గదిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. మన రామగుండం, కరీంనగర్, ఆదిలాబాద్ ఎండల్లో అయితే ఒక గంటే అనుకోండి.

అన్నం విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు బియ్యంలో ఉంటాయి. ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మేల్కొని, పెరిగి, విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. "ఓసారి వేడి చేసి ఇచ్చేద్దాం" అనే ఆలోచన ఎందుకు పనికిరాదో అర్థమైంది కదా. యాభై కిలోల గంజులో పైన చల్లారినట్టు కనిపించినా నడిమధ్యలో గంటల పాటు గోరువెచ్చగానే ఉంటుంది. క్రిమికి కావాల్సింది సరిగ్గా అదే.

2024 అక్టోబర్ చివర్లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి ఆశ్రమ పాఠశాలలో ఆహారం వికటించిందన్న అనుమానంతో చాలామంది పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. ఒక విద్యార్థిని నవంబర్‌లో హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూసింది. అది ఎవరో దానంగా ఇచ్చిన అన్నం కాదు. కానీ పేదింటి పిల్లల కడుపులోకి వెళ్లే ప్రతి ముద్ద విషయంలో ఎంత జాగ్రత్త ఉండాలో అది చెప్పింది. హాస్టల్ వార్డెన్ బయటి అన్నం వద్దంటే కోపం తెచ్చుకోకండి. వాళ్లు వద్దనడం సరైనదే.

ఎలా ఇవ్వాలి? రంతిదేవుడి మర్యాద

భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడి కథ వస్తుంది. మన ఓరుగల్లు ప్రాంతపు పోతనామాత్యుడు తెలుగు చేసిన భాగవతంలో కూడా చదువుకోవచ్చు. నలభై ఎనిమిది రోజులు కుటుంబంతో సహా పస్తున్న ఆ రాజుకి చివరికి కాస్త పాయసం, నెయ్యి, నీళ్లు దొరికాయి. తినబోతుంటే ఒక అతిథి వచ్చాడు, ఇచ్చాడు. ఇంకొకరు వచ్చారు, ఇచ్చాడు. కుక్కల్ని వెంటబెట్టుకుని ఒకడు వచ్చి, నాకూ వీటికీ ఆకలిగా ఉందన్నాడు. మిగిలిన అన్నమంతా ఇచ్చేశాడు. చివరికి ఒక్కరికి సరిపడా నీళ్లు మిగిలాయి. లోకం దూరం పెట్టిన ఒక మనిషి దాహంతో వచ్చాడు. అవీ ఇచ్చేశాడు.

రంతిదేవుడంత త్యాగం మన వల్ల కాకపోవచ్చు. కానీ కథలో ఒక వివరం మన చేతిలోనే ఉంది. కుక్కలతో వచ్చినవాడికి అన్నం ఇచ్చి, ఆయన నమస్కారం చేశాడు. ఇచ్చినవాడు దండం పెట్టాడు, పుచ్చుకున్నవాడు కాదు.

మరి మనం? అన్నం పొట్లం ఇచ్చి, ఫోన్ తీసి, "ఇటు చూడమ్మా" అంటున్నాం. ఆ తల్లి ముఖం మన స్టేటస్‌లో వందమంది చూస్తారు. ఆమె ఊళ్లో చుట్టాలు కూడా చూడొచ్చు. ఒక పూట అన్నానికి అంత ధర కట్టకూడదు. ఫోటో తీయాలనిపిస్తే గంజుని తీయండి, మనిషిని వద్దు.

చట్టం ఏం చెబుతోంది?

చాలామంది వ్యాపారులు మంచి మనసు లేక కాదు, భయంతో ఇవ్వరు. "ఎవరికన్నా ఏమన్నా అయితే మా పేరే చెప్తరు" అంటారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే పద్ధతి తెలుసుకోవాలి.

మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, అంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, మిగులు ఆహారం సేకరణ, పంపిణీ మీద 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. వాటి సారాంశం ఇది. తినడానికి సురక్షితంగా ఉన్నదే ఇవ్వాలి. గడువు దాటకముందే చేరాలి. చెత్తతో కలవకుండా వేరుగా ఉంచాలి. ఏ వంటకం, ఎప్పుడు వండింది, శాకాహారమా మాంసాహారమా అన్నది రాసి ఉండాలి. ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు అన్న లెక్క ఉండాలి. పంచేది ఉచితంగానే పంచాలి. సేకరించి పంచే సంస్థలు రిజిస్టర్ చేసుకోవాలి.

బయటి దేశాల్లో కూడా ఇదే దారి. అమెరికాలో మంచి మనసుతో ఆహారం ఇచ్చే దాతలకు రక్షణ కల్పిస్తూ 1996లో చట్టం చేశారు. ఫ్రాన్స్‌లో 2016 నుంచి పెద్ద సూపర్ మార్కెట్లు అమ్ముడుపోని ఆహారాన్ని పాడుచేయకూడదు, సేవాసంస్థలకు ఇవ్వాలి. మన దేశంలో 2014లో ఢిల్లీలో రాబిన్ హుడ్ ఆర్మీ, కోయంబత్తూరులో నో ఫుడ్ వేస్ట్ మొదలయ్యాయి. హోటళ్లు, పెండ్లిళ్ల నుంచి మిగులు తెచ్చి పంచడమే వాళ్ల పని. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో అరవై శాతం ఇళ్లలోనే. కాబట్టి వేలు హోటళ్ల వైపు మాత్రమే చూపించకూడదు.

మన ఊళ్లో పాటించాల్సిన పద్ధతి

ఒక లెక్క అనుకుందాం. కరీంనగర్‌లో ఒక పెండ్లి. వెయ్యిమందికి వంట చెప్పారు, అదే రోజు ఊళ్లో ఇంకో నాలుగు పెండ్లిళ్లు, ఏడు వందల మందే వచ్చారు. ఏం చేయాలి?

1. మిగలకుండా చూడటమే మొదటి దానం. బియ్యం మొత్తం ఒకేసారి ఎసట్లో పోయించకండి. రెండు, మూడు విడతలుగా వండమని వంట మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి. చివరి విడతకు ముందు హాల్‌లోకి వెళ్లి తలలు లెక్కపెట్టండి. వండని బియ్యం ఎన్నాళ్లయినా ఉంటుంది, ఎవరికైనా ఇవ్వొచ్చు.

2. మనిషిని ముందే వెతకండి. లగ్నపత్రిక రాసుకున్న రోజే, మిగిలితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసుకోండి. మీ ఊళ్లోని వృద్ధాశ్రమం, సేవాసంస్థ... ఎవరైనా సరే. "మిగిలితే రెండింటికల్లా చెప్తాం, తీసుకుంటారా, ఎంతమందికి కావాలి?" అని అడగండి. ఇలా చేస్తే తలకిందులైన వరుస సరిగ్గా నిలబడుతుంది. మనిషి ముందు, అన్నం తర్వాత.

3. బాధ్యుడిని పెట్టండి. పెండ్లి హడావిడిలో అందరి పని ఎవరి పనీ కాదు. బాబాయో, మేనమామో, ఒక్కరికి అప్పజెప్పండి.

4. వేరుగా తీయండి. వడ్డనకు వెళ్లని అన్నం, పప్పు, కూర శుభ్రమైన గిన్నెల్లోకి, శుభ్రమైన గంటెతో తీసి, మూతపెట్టి వేడిగా ఉంచండి. పెరుగు, పచ్చి కొబ్బరి చట్నీ, పాలతో చేసిన మిఠాయి, గుడ్డు, మాంసం త్వరగా చెడిపోతాయి. ఫ్రిజ్‌లో లేకపోతే వాటిని వదిలేయండి.

5. చీటీ అంటించండి. వంటకం పేరు, వండిన సమయం, ఎన్నింటిలోగా తినాలి, శాకాహారమా మాంసాహారమా.

6. మీరు ఒక ముద్ద తినండి. ఇది మర్యాద కోసం. అయితే రుచి, వాసన బాగున్నంత మాత్రాన సురక్షితం అనుకోవద్దు. గడియారం మాటే చివరి మాట.

7. సమయం దాటితే మానుకోండి. మనసుకి కష్టమే. కానీ దాటిన అన్నం ఎరువు గుంతకే వెళ్లాలి.

హోటళ్లు, టిఫిన్ సెంటర్లు, బేకరీలకు ఇంకా సులువు, ఎందుకంటే వాళ్లకి మిగులు దాదాపు రోజూ ఉంటుంది. రోజూ ఒకే సమయానికి, ఒకే చోటికి వెళ్లేలా పెట్టుకుంటే తీసుకునేవాళ్లకి కూడా నమ్మకం కుదురుతుంది. కిరాణం, సూపర్ మార్కెట్ వాళ్లు గడువు తేదీకి వారం ముందే సరుకు వేరు చేయొచ్చు. తేదీ దాటినదాన్ని మాత్రం ఇవ్వకూడదు.

ఎవరికి చేర్చాలి?

ఆకలి రోడ్డు పక్కనే కూర్చుని ఉండదు. జిల్లా ఆస్పత్రిలో, ఆదిలాబాద్ రిమ్స్‌లో రోగి పక్కన ఉండే తోడు మనిషిని చూడండి. ఏజెన్సీ నుంచి వచ్చి, చేతిలో డబ్బులు మందులకే అయిపోయి, పస్తుండేది వాళ్లే. మంచిర్యాల, రామగుండం స్టేషన్ల దగ్గర, బస్టాండ్లలో రాత్రి గడిపేవాళ్లున్నారు. పెద్దపల్లి, కరీంనగర్ చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. అడ్డా మీద పని దొరకని కూలీ అన్నలున్నారు.

దూరం కూడా చూసుకోండి. ఆదిలాబాద్‌లో మధ్యాహ్నం మిగిలిన అన్నం ఉట్నూరు దాటి ఏదో గూడేనికి చేరేసరికి జాము దాటుతుంది. దూరపు గూడేలకు బియ్యం, పప్పు, నూనె, పల్లీలు పంపండి. వండిన అన్నం దగ్గర్లోనే పంచండి.

సందేహాలు, సమాధానాలు

*ఎలాగూ పారేసేదే కదా, ఇస్తే పుణ్యం ఏముంది?*
అన్నం ఖర్చు మీకు పోయినట్టే, నిజమే. కానీ వేరుగా తీయడం, వేడిగా ఉంచడం, బండి పెట్టడం, అలసిపోయిన ఒంటితో ఇంకో గంట నిలబడటం... మీరు ఇచ్చే దానం ఈ శ్రమ.

*మన పెద్దలు సద్దన్నం తిన్నారు కదా, వాళ్లకేం కాలేదు. మరి రాత్రి అన్నం ఇస్తే తప్పేంటి?*
సద్దన్నం కావాలని చేసుకునేది. చల్లారిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి పులియబెడతారు. ఆ పులుపు చాలా క్రిములని పెరగనివ్వదు. మూతేసి మరిచిపోయిన బగార గంజు సద్దన్నం కాదు.

*మిగిలిందంతా గోశాలకి పంపొచ్చా?*
గోవుకి ఒక ముద్ద పెట్టడం వేరు, గంజులకొద్దీ అన్నం పోయడం వేరు. వండిన అన్నం ఎక్కువైతే పశువు కడుపులో ఆమ్లం పెరిగి, కడుపు ఉబ్బి ప్రాణం మీదకి వస్తుంది. గోసేవ చేయాలంటే పచ్చిగడ్డి ఇవ్వండి.

*మాంసాహారం మిగిలితే?*
తినేవాళ్లకి, చెప్పి, వేడిగా ఉన్నప్పుడే ఇవ్వొచ్చు. చెప్పకుండా కలిపి ఇవ్వడం మాత్రం మహాపాపం. పేదవాడికి కూడా నియమం ఉంటుంది, వారం ఉంటుంది, దీక్ష ఉంటుంది.

*వాళ్లు వద్దంటే?*
నమస్కారం పెట్టి వెనక్కి రండి. పుచ్చుకునే మనిషికి వద్దనే హక్కు ఉంది.

ఈ వారం సంకల్పం

పాఠం విని ఊరుకుంటే ఫలం లేదు, ఒక్క పని చేద్దాం. మీ ఇంట్లో ఈ ఏడాది పెండ్లి, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం ఏదైనా ఉంటే, వంట సామాను పట్టీ రాసే కాగితం మీదే కింద ఒక వరుస అదనంగా రాయండి: "మిగిలితే ఎవరికి, ఎన్నింటికి, ఎవరు తీసుకెళ్తారు." హోటలో, బేకరీయో, కిరాణమో నడిపేవాళ్లయితే ఈ వారంలో ఒక ఆశ్రమానికి స్వయంగా వెళ్లి, వాళ్లకి ఏ పూట అవసరమో అడిగి రండి.

అన్నాన్ని పరబ్రహ్మంగా చూసే ఇండ్లు మనవి. ఆ చూపు గంజు దగ్గర ఆగిపోకుండా, దాన్ని తినే మనిషి దాకా వెళ్లాలి. నచికేతుడి లాంటి పిల్లవాడు మన వంటశాల గుమ్మంలో నిలబడి "ఇది ఎవరికి ఇస్తున్నారు?" అని అడిగితే, తల దించుకోకుండా జవాబు చెప్పగలగాలి.

రాజన్న దయ మీ అందరి మీద ఉండాలి. మీ వంటింట్లో అన్నపూర్ణమ్మ తల్లి చల్లగా కొలువుండాలి. మీ ఇంటికి వచ్చినవాళ్లూ, మీ ఇంటి నుంచి అన్నం వెళ్లినవాళ్లూ కడుపునిండా తిని పడుకోవాలి.

శుభం భూయాత్.